చివరిదాకా చూడనివ్వకండి

ఫోన్లో లెక్కల పాఠాలు తీసే మాస్టార్లకు, టీచర్లకు కొన్ని తలకిందుల సలహాలు

పిల్లాడు మీ లెక్కల వీడియోను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా చూశాడంటే ఆ వీడియో కుదరలేదని అర్థం. ఈ మాట అన్నప్పుడల్లా తోటి మాస్టార్లు నా వంక అదోలా చూస్తారు. మనకు శిక్షణల్లో చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు కదా. వెనక తెర కట్టాలి, వెలుతురు సరిచూసుకోవాలి, పాఠం మొత్తం రావాలి, ఎక్కడా తప్పు దొర్లకూడదు, పిల్లలు కళ్ళార్పకుండా చూడాలి అంటారు.

నేనూ అలాగే చేశాను. 2020లో కరోనాతో బళ్ళు మూతపడ్డప్పుడు మా గిలకలదిండి, బందరు (మచిలీపట్నం) పిల్లల కోసం నలభయ్యేసి నిమిషాల పాఠాలు తీసి పంపాను. శ్రద్ధగా చూశారు. ఫోన్ చేసి అడిగితే "బాగా అర్థమైంది మాస్టారూ" అన్నారు. బడి తెరిచాక ఆ లెక్కలే బోర్డు మీద ఇచ్చి చెయ్యమంటే సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నేను చేస్తుంటే నిజంగానే అర్థమైంది. తాము చేయాల్సి వచ్చేసరికి మొదటి లైను ఏం రాయాలో తోచలేదు.

గిలకలదిండి హార్బర్ పక్కన పెరిగిన పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. గట్టున కూర్చుని ఎన్నాళ్ళు చూసినా ఈత రాదని వాళ్ళకు తెలుసు. లెక్కా అంతే. వీడియో చేయాల్సిన పనల్లా పిల్లాడి చేత కాగితం మీద కలం పెట్టించడం. కలం పట్టాలంటే ఫోన్ పక్కన పెట్టాలి. అందుకే ఇక్కడ నేను చెప్పేవన్నీ పిల్లాడు మీ వీడియోను ఆపేయడానికి పనికొచ్చే సలహాలు.

మొదట తప్పు జవాబు చెప్పండి

సరైన పద్ధతి శుభ్రంగా చెప్పేస్తే పిల్లాడు తలూపుతాడు. వాడి బుర్రలో ముందే ఉన్న తప్పు ఊహ మాత్రం కదలకుండా అలాగే కూర్చుని ఉంటుంది. పరీక్ష రోజున బయటికొచ్చేది అదే.

డెరెక్ ముల్లర్ అనే ఆయన సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008లో పూర్తిచేసిన పరిశోధన దీని మీదే. భౌతికశాస్త్రం వీడియోలను వేర్వేరు రకాలుగా తీసి విద్యార్థులకు చూపించాడు. ఒక రకంలో విషయం సూటిగా, తేటగా ఉంటుంది. ఇంకో రకంలో విద్యార్థులకు మామూలుగా ఉండే అపోహల్ని ముందు మాట్లాడించి, అవి ఎందుకు తప్పో తర్వాత తేలుస్తారు. మొదటిది చూసినవాళ్ళు చాలా స్పష్టంగా ఉందన్నారు, పరీక్షలో మాత్రం పెద్దగా మెరుగుపడలేదు. రెండోది చూసినవాళ్ళు తికమకగా ఉందన్నారు, మార్కులు వాళ్ళకే పెరిగాయి. 2011లో యూట్యూబ్‌లో వెరిటాసియం అనే సైన్సు ఛానల్ మొదలుపెట్టింది ఈయనే.

మన దగ్గర దీన్ని ఎట్లా చేయొచ్చో ఒక్క లెక్కతో చూపిస్తాను. దివిసీమలో గానీ, గుడివాడ వైపు గానీ, బందరు చుట్టుపక్కల గానీ రొయ్యల చెరువు ఎరగని పిల్లాడు అరుదు. కౌంట్ అంటే ఏమిటో వాడికి మనకన్నా బాగా తెలుసు. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 40 కౌంట్ అంటే ఒక్కో రొయ్య పాతిక గ్రాములు. 100 కౌంట్ అంటే పది గ్రాములు. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది, ధర పడిపోతుంది. పుస్తకంలో విలోమానుపాతం అని మనం వారం రోజులు చెప్పే సంగతి వాడు చెరువుగట్టు మీద ఏనాడో నేర్చుకున్నాడు.

ఇదీ లెక్క. ఒక రైతుకు రెండు చెరువులున్నాయి. రెండింట్లోనూ సమానంగా లక్షా ఇరవై వేల చొప్పున రొయ్య పిల్ల వదిలాడు. అన్నీ బతికాయనుకుందాం. నిజం చెరువులో అలా ఎప్పుడూ బతకవు, పిల్లలే ఆ మాట అంటారు, ఒప్పుకుని ముందుకెళ్ళండి. పట్టుబడి నాటికి ఒక చెరువు 40 కౌంట్ తూగింది, రెండోది 60 కౌంట్ తూగింది. సరుకంతా కలిపేస్తే కౌంట్ ఎంత?

వీడియోలో మీరే గబగబా రాసేయండి. నలభై, అరవై కలిపితే వంద. రెండు పెట్టి భాగిస్తే యాభై. కింద రెండు గీతలు కొట్టండి. చూస్తున్న పిల్లాడు కూడా ఈపాటికి యాభై అనేసి ఉంటాడు. ఒక్క క్షణం అలా ఉండనివ్వండి. తర్వాత ఎర్ర స్కెచ్‌పెన్ తీసుకుని ఆ 50ని అడ్డంగా కొట్టేసి, "ఇది తప్పురా. ముందు మొదటి చెరువులో ఎన్ని కేజీలు పడ్డాయో కట్టు" అనండి. లక్షా ఇరవై వేలను నలభైతో భాగిస్తే 3000 కేజీలు. అంతవరకు రాయండి. రెండో చెరువు జోలికి పోకండి. వీడియో అక్కడ ఆపేయండి.

పిల్లాడు కాగితం తీస్తాడు. రెండో చెరువులో 2000 కేజీలని తేలుతుంది. మొత్తం 5000 కేజీలు, రెండు లక్షల నలభై వేల రొయ్యలు. కేజీకి 48. యాభై అని తాను గట్టిగా అనుకున్నది నలభై ఎనిమిది కావడం చూసి ఒకసారి ఉలిక్కిపడతాడు, మళ్ళీ భాగిస్తాడు. ఆ రెండోసారి భాగించడం కోసమే మన పాట్లన్నీ. మరి యాభై ఎప్పుడొస్తుందని వాడే అడుగుతాడు. రెండు చెరువుల నుంచీ సమానమైన బరువు తీసి కలిపితే వస్తుంది. కేజీకి కేజీ కలిపితే రెండు కేజీల్లో వంద రొయ్యలు. సమానంగా ఉన్నది రొయ్యల సంఖ్యా, బరువా అన్నదే లెక్కంతా.

ఈ వీడియో పంపిన మర్నాడు బడిలో అదే లెక్కకు వేషం మార్చి ఇచ్చాను. బందరు నుంచి బెజవాడకు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళిన బస్సు అదే దారిలో 60 కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చింది, సగటు వేగం ఎంత? ఇది పోటీ పరీక్షల పుస్తకాలన్నింటిలో ఉండేదే, పెద్దవాళ్ళు కూడా యాభై అనేస్తారు. చెరువు మీద మేత మోసే ఇంటి పిల్ల ఒకతి లేచి, "మాస్టారూ, కిలోమీటర్లు రొయ్యలు, గంటలు కేజీలు. మళ్ళీ నలభై ఎనిమిదే కదండీ" అంది. దాన్ని నేను ఆ మాటల్లో ఎప్పుడూ ఆలోచించలేదు. అంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పగా నేను చూడలేదు.

ఒక జాగ్రత్త. తప్పును తప్పని ఎర్రగా కొట్టెయ్యడం మొదటి నిమిషంలోనే జరిగిపోవాలి. ఎవరైనా మధ్యలో మానేస్తే తప్పు జవాబుతో నిద్రపోకూడదు. సరైన జవాబు లేకుండా నిద్రపోవచ్చు, దానివల్ల నష్టం లేదు.

జవాబు చెప్పకండి

ఇలా సగంలో ఆపేసిన వీడియో మొదటిసారి పంపిన రాత్రి ఒక తండ్రి ఫోన్ చేశాడు. "మాస్టారూ, మీ వీడియో మధ్యలో తెగిపోయిందండీ, మళ్ళీ పంపండి" అన్నాడు. తెగలేదండీ, అంతే తీశాను, మిగతాది మీవాడు రాయాలి అన్నాను. ఆయనకు నచ్చలేదు. డబ్బు పెట్టి డేటా వేయించుకున్నవాడికి సగం పాఠం వస్తే ఎలా నచ్చుతుంది? ఆయన బాధ న్యాయమైనదే. అయినా నేను జవాబు పంపలేదు.

జవాబు బదులు ఇంకొకటి పంపాలి. పిల్లలు తమ కాగితం ఫొటో తీసి పంపుతారు. అందులో తప్పులు రకరకాలుగా ఉంటాయనుకుంటాం గానీ, ఏ లెక్కకైనా రెండు మూడు రకాల తప్పులే వస్తాయి. అరకు మూడో వంతు కలపమంటే 2/5 రాసినవాడు పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాడు. 2/6 రాసినవాడికి క.సా.గు. వచ్చింది, హారం మారినప్పుడు లవం కూడా మారాలని తట్టలేదు. ఇద్దరికీ ఒకే వీడియో పంపితే ఎవరి తప్పూ పోదు. మొదటివాడికి "అరే పెద్దదా, 2/5 పెద్దదా? కలిపితే తగ్గిందేం?" అని అడగండి చాలు. రెండోవాడికి రొట్టెను ఆరు ముక్కలు చేసి, అందులో అర అంటే ఎన్ని ముక్కలో వాడినే లెక్కపెట్టమనండి. ఒక్కోటి అరనిమిషం. ఆ అరనిమిషమే అసలు పాఠం, ముందు పంపిన నాలుగు నిమిషాల వీడియో దానికి పిలుపు లాంటిది.

టీవీ పాఠంలో ఇలా ఆగడం కుదరదు. 2020లో బళ్ళు లేనప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ళకు కూడా చేరాయి, ఆ మేలు చిన్నది కాదు. చెప్పినవాళ్ళు కూడా మంచి ఉపాధ్యాయులే. కానీ టీవీని ఆపలేం. పిల్లాడు రెండో లైను దగ్గర ఆగిపోతే పాఠం ఆరో లైనుకు వెళ్ళిపోతుంది. ఫోన్లో ఆపొచ్చు, వెనక్కి జరపొచ్చు, అందుకే అది మనకు దొరికిన వరం. అలాంటి ఫోన్లో టీవీ పాఠంలాంటిదే తీసి పెడితే ఏం లాభం?

ముఖం వద్దు, చెయ్యి చాలు

మీ ముఖం పిల్లలకు తెలుసు. అరచేయంత తెర మీద అది సగం చోటు తినేస్తే లెక్కకు మిగిలేది బొటనవేలంత. ముఖం కనబడితే దగ్గరితనం ఉంటుందంటారు. నిజమే, ఆ దగ్గరితనం బడిలో ఇవ్వండి. వీడియోలో కాగితం, మీ చెయ్యి, కలం కదలడం, కొట్టివేత, ఇవి కనబడాలి.

ఇందుకు స్టాండు కూడా అక్కర్లేదు. పాత పాఠ్యపుస్తకాలను రెండు దొంతరలుగా పేర్చి, వాటి మీద అడ్డంగా రెండు స్కేళ్ళు వేసి, ఫోన్ కెమెరా కిందికి చూసేలా పడుకోబెట్టండి. కింద తెల్ల కాగితం. రూళ్ళ కాగితం వాడితే గీతలు కలిసిపోతాయి. బాల్‌పెన్ను కనబడదు, స్కెచ్‌పెన్ వాడండి. కిటికీ ఎడమవైపు ఉండేలా కూర్చోండి, లేకపోతే మీ చేతి నీడే లెక్క మీద పడుతుంది.

పవర్‌పాయింట్ వద్దు. లైను మొత్తం ఒక్కసారి ఊడిపడితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లాడికి తెలియదు. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల వీడియోలను విద్యార్థులు ఎలా చూశారో ఫిలిప్ గువో అనే పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి 2014లో ప్రచురించారు. దాదాపు 69 లక్షల వీక్షణలు పరిశీలించారు. స్లయిడ్ల కన్నా చేత్తో రాస్తూ చెప్పిన పాఠాలను ఎక్కువసేపు చూశారని, ఆరు నిమిషాలు దాటితే వదిలేయడం ఎక్కువని, ఖరీదైన స్టూడియోలో తీసినవాటికన్నా బల్ల దగ్గర మామూలుగా కూర్చుని తీసినవే బాగా పట్టుకున్నాయని తేల్చారు. వాళ్ళు ముఖ్యంగా కొలిచింది ఎంతసేపు చూశారన్నది. నాకు అది చాలదు, చూశాక కాగితం మీద ఏం పడిందన్నదే నాకు కావాలి. అయినా కెమెరా కొనమని మిమ్మల్ని తొందరపెట్టేవాళ్ళకు ఆ స్టూడియో మాట చెప్పండి.

 

డబ్బు పెట్టాలనుకుంటే శబ్దం మీద పెట్టండి, అదీ పైసా ఖర్చు లేకుండా అవుతుంది. ఫ్యాన్ కట్టేయండి. సముద్రపు గాలి వైపు కిటికీ మూయండి. పెద్ద హాలు వదిలేసి, బట్టలు, పరుపులు ఉన్న చిన్న గదిలో కూర్చోండి, గొంతు మోగదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట వినబడకపోతే మాత్రం ఆ రాత్రికి చదువు లేనట్టే.

ఇంట్లో మాటే మాట్లాడండి

వీడియో అనగానే మనలో చాలామందికి రేడియో వార్తల గొంతు వచ్చేస్తుంది. "విద్యార్థులారా, ప్రస్తుతం మనం" అని మొదలుపెడతాం. తరగతిలో "ఏరా, ఇట్టా చేస్తే ఎట్టా వస్తదిరా" అనే మనిషే కదా! ఆ గొంతుతోనే చెప్పండి. 2020 నుంచి మన పుస్తకాలు తరగతి తర్వాత తరగతిగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా వచ్చాయి. పిల్లాడు బడిలో డినామినేటర్ అంటాడు, అక్క హారం అంటుంది, వాళ్ళమ్మ కింది అంకె అంటుంది. మూడూ చెప్పండి. పరీక్షలో ఏ మాట వస్తుందో అది కాగితం మీద రాయండి, మిగతావి నోటితో అనండి.

యాస కోసమని కాదు నేనీ మాట అంటున్నది, లెక్క కోసమే. వడ్డీ పాఠం చూడండి. పుస్తకంలో సంవత్సరానికి 8 శాతం అని ఉంటుంది. మన ఇళ్ళలో వడ్డీ ఎవరైనా శాతంలో మాట్లాడతారా? రెండు రూపాయల వడ్డీ అంటారు. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. పిల్లాడు దాన్ని 2 శాతం అనుకుని, ఎనిమిది శాతం బ్యాంకు వడ్డీ కన్నా ఇది తక్కువని రాసేస్తాడు. ఏడాదికి అది 24 శాతం. పాతిక వేలు తెస్తే ఏడాదికి ఆరు వేలు వడ్డీ. ఈ లెక్క చెప్పిన వీడియోను పిల్లల కన్నా వాళ్ళ అమ్మలు ఎక్కువసార్లు చూశారు. డ్వాక్రా సంఘంలో ఉన్న ఒకావిడ బడికొచ్చి ఇంకో రెండు లెక్కలు వేయించుకు వెళ్ళింది.

ఇలాంటి లెక్కలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అంకశ్రేఢికి సముద్రపు పోటు వేళలున్నాయి, రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. తేదీల లెక్కకు వేట నిషేధం ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, రెండు తేదీలూ కలుపుకుని 61 రోజులు. వైశాల్యానికి ఎకరాలు, సెంట్లు ఉన్నాయి. వెతకడమే తరువాయి.

ఎక్కువమంది చూడాలనుకోకండి

వీడియో పెట్టగానే ఎంతమంది చూశారని అడిగేవాళ్ళుంటారు. ముప్పై ఒక్కరు అని చెప్పండి, మీ తరగతిలో అంతమందే ఉంటే. ఖాన్ అకాడమీ పెట్టిన సల్మాన్ ఖాన్ 2004లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది నాదియా అనే ఒక్క చుట్టాలమ్మాయికి, అదీ ఫోన్లో. 2006లో యూట్యూబ్‌లో పెట్టడం కూడా తన ఇంటి పిల్లలు తీరిక వేళ చూసుకుంటారనే. ఎదురుగా చెప్పేదానికన్నా వీడియోలోనే బాగుందని ఆ పిల్లలు అన్నారట. ఎవరూ విసుక్కోకుండా ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకోవచ్చు మరి. ఖాన్ అకాడమీ తర్వాత ప్రపంచమంతా చేరింది. మొదలు మాత్రం ఒక పిల్ల, ఆమెకు రాని ఒక పాఠం.

2022 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు ఎక్కించిన ట్యాబులిచ్చింది. అలా రంగురంగుల బొమ్మలు కదిలే పాఠాలను మనం ఇంట్లో కూర్చుని తీయలేం. తీయనూ అక్కర్లేదు. మీ తరగతి పిల్ల నిన్న ఏ లైనులో తప్పుచేసిందో తెలిసిన మనిషి మీరు. లక్షలమందికి తీసే పాఠంలో ఆ లైనుకు చోటుండదు.

ఇందుకే నిరుటి వీడియో మళ్ళీ పంపవద్దంటాను. నిరుటి తప్పులు నిరుటి పిల్లలవి. ఈ ఏటి కాగితాలు చూసి మళ్ళీ తీయండి, నాలుగు నిమిషాలే కదా.

రాత్రి ఎనిమిది తర్వాత పంపండి. ఇంట్లో ఉండే ఒక్క ఫోనూ పగలు తండ్రితో బోటు మీదో, తల్లితో పని దగ్గరో ఉంటుంది. సైజు తగ్గించి పంపండి. అప్పుడు కూడా అందని పిల్లలు ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ళకు అదే లెక్క సగం వరకు కాగితం మీద రాసి సాయంత్రం చేతికివ్వండి. సగంలో ఆగే లెక్కకు ఆ సౌకర్యం ఉంది, కాగితం మీద కూడా అది ఆగుతుంది.

ఈ సలహాలు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. వృత్తలేఖినితో గీసే నిర్మాణాలకు సగంలో ఆపడం పనికిరాదు, మొత్తం చూపించాలి, నిదానంగా, రెండుసార్లు. నిర్వచనాల దగ్గర తప్పుతో మొదలుపెట్టొద్దు. పరీక్షకు వారం ముందు పిల్లల్ని కొత్తగా తికమక పెట్టొద్దు, అప్పుడు వాళ్ళకు కావలసింది ధైర్యం.

మిగతా రోజులన్నీ మీవే. ఈ ఆదివారం ఒక్క లెక్క తీయండి. మొన్నటి పరీక్షలో ఎక్కువమంది తప్పిన లెక్క ఏదో ఆ కాగితాల కట్టలోంచి వెతికి, దాన్నే తీయండి. ఫ్యాన్ కట్టేయండి, మొదట వాళ్ళు చేసిన తప్పే చేయండి, ఎర్రగా కొట్టేయండి, ఒక్క లైను దిద్ది ఆపేయండి. సోమవారం పొద్దున బడి గేటు దగ్గర ఎవరో ఒకరు నోటుబుక్కు తెరిచి పట్టుకుని నిలబడి ఉంటారు. హాజరు సంతకం తర్వాత పెట్టొచ్చు, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.